జోలాపుట్ నుంచి నీళ్ల వెంట

జయపురం,
కొరాపుట్ జిల్లా.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ సైకిలు యాత్రకు నువ్వు గీసి పంపిన మ్యాపు చూశాను. ఔరంగాబాద్‌లో పన్‌చక్కి చూసొచ్చిన దగ్గర నుంచి నీళ్లతో తిరిగేవన్నీ చూడాలన్న పిచ్చి నీకు పట్టుకుందని మీ అమ్మ చెప్పింది. మంచి పిచ్చే. అక్కడ నీరు తిరగలి రాయిని తిప్పింది, మా మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్‌ను తిప్పుతోంది. తేడా పిండికీ కరెంటుకీ మధ్యనే.

అయితే నువ్వు గీసిన దారి తలకిందులుగా ఉంది. కొరాపుట్‌లో బయలుదేరి, ముందు డుడుమ జలపాతం, తర్వాత పవర్‌హౌస్, ఆఖరున జోలాపుట్ డ్యాం అన్నావు. అది కార్లలో వచ్చి ఫొటోలు తీసుకుని పోయేవాళ్ల వరస. నువ్వు అరకులో రైలు దిగు. ముంచింగిపుట్టు మీదుగా జోలాపుట్ చేరుకో. అక్కడి నుంచి నీళ్లు ఎటు పోతే అటు తొక్కు. అదే రైలు మార్గంలో మాచ్‌ఖండ్ రోడ్ అనే స్టేషన్ కూడా ఉంది. పేరు చూసి పవర్‌హౌస్ పక్కనే అనుకుని దిగిపోకు.

ఎందుకిలా అంటున్నానో అంకెల్లో చెబుతాను. జోలాపుట్ జలాశయం పూర్తి మట్టం సముద్ర మట్టానికి 2750 అడుగులు. దాని దిగువన డుడుమ డైవర్షన్ డ్యాం 2590 అడుగులు. దాని కింద బలిమెల జలాశయం 1516. అంటే మొదటి మెట్టు 160 అడుగులే, రెండోది వెయ్యి అడుగులు దాటింది. ఆ వెయ్యి అడుగుల కోసమే ఇంత అడవిలో ఇంత కట్టడం కట్టారు. మాడుగుల కొండల్లో పుట్టి, పాడేరు వైపు మత్స్యగెడ్డగా పారిన నీరే ఇక్కడికొచ్చేసరికి మాచ్‌ఖండ్ అయి, రెండు రాష్ట్రాలకు సరిహద్దు గీస్తుంది. మరికాస్త కిందికి పోతే అదే సీలేరు. ఎగువ గెడ్డలన్నీ, అంటే వాగులన్నీ, జోలాపుట్‌లో ఎలా కలుస్తున్నాయో ముందు చూస్తే, కింద హోరుమంటున్నది ఏమిటో నీకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒక్క విషయం మనసులో పెట్టుకో. నీళ్లు దిగుతూనే ఉంటాయి గానీ రోడ్డు దిగదు. గెడ్డ గెడ్డకీ పల్లం, పల్లం తర్వాత ఎగుడు. మ్యాపులో దూరం చూసి రోజుకు వంద కిలోమీటర్లని లెక్క వేసుకోకు. నలభై చాలు. సామాను వీపున మొయ్యకు, సైకిలుకు కట్టు. ఎక్కలేని చోట దిగి నడిపించుకుంటూ వెళ్లు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఎక్కడం కంటే దిగడం దగ్గరే నాకు భయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఘాట్ దిగుతూ వెనక బ్రేకు ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను. రబ్బరు కాలిన వాసన వచ్చింది, ఆ తర్వాత బ్రేకు పట్టడం మానేసింది. మట్టిగట్టుకు గుద్దించుకుని ఆగాను. మోచేతి మీద మచ్చ నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేదానివి, అది ఇదే. రెండు బ్రేకులూ వాడు. పట్టి వదులు, పట్టి వదులు. మలుపుకు ముందే వేగం తగ్గించు, మలుపులో కాదు. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించుకుని, ఇంకో జత సంచిలో పెట్టుకో. నీ సైకిలుది సన్నమూతి ట్యూబు. పల్లెల్లో అది దొరకదు, రెండు తెచ్చుకో.

డుడుమ సుమారు 175 మీటర్ల జలపాతం. నువ్వు వెళ్లిన రోజు సన్నగా ఉంటే చిన్నబుచ్చుకోకు. నీరు ఎండిపోలేదు, డైవర్షన్ డ్యాం దగ్గర మళ్లి గొట్టాల్లోకి వెళ్లింది. అంచు దగ్గర బండలు నాచు పట్టి ఉంటాయి, చెప్పులతో వెళ్లకు. డ్యాంల కింద నదిలో స్నానం అసలు వద్దు. నీళ్లు ఎప్పుడు వదులుతారో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు.

ఒనకఢిల్లీ పేరులో ఢిల్లీ ఉందని హోటళ్లు ఆశించకు. మా పవర్‌హౌస్ ఆ ఊరి కింద లోయలో ఉంది. డ్యూటీకి వించ్‌లో, అంటే ఇనుప తాడుతో లాగే బండిలో, దిగేవాళ్లం. మొదటిసారి దిగినప్పుడు కళ్లు మూసుకున్నాను, నెల తిరిగేసరికి అందులోనే కునుకు తీశాను. 1955లో ప్రారంభమైన కేంద్రం, ఆరు యూనిట్లు. ముందుగా అనుమతి తీసుకుంటే చూడవచ్చు. లేకపోతే గేటు దగ్గర బతిమాలకు. డ్యాంలనూ పవర్‌హౌస్‌నూ ఫొటో తియ్యకు. గురువారం అక్కడ సంత. బోండా గిరిజనులు కొండ దిగి వస్తారు. వాళ్ల ముందు కూడా కెమెరా సంచిలోనే ఉండాలి. వాళ్లు సరుకులకు వచ్చారు, నీకు కనబడడానికి కాదు. కాలనీలో తెలుగు నడుస్తుంది. దాటాక మాత్రం నీళ్లకు ‘పాణి’ అన్న మాట ఒకటి నేర్చుకో. చోడి (రాగి) అంబలి ఎవరైనా ఇస్తే కాదనకు, ఎగుళ్లకు అంతకంటే మంచిది లేదు.

నవంబరులో రా. వానలు తగ్గిపోతాయి, వలిసె పూలు పొలాల నిండా పసుపుపచ్చగా ఉంటాయి. తెల్లవారుజామున మంచు ముఖం కూడా కనబడనివ్వదు, ఎండ వచ్చేదాకా బయలుదేరకు. దోమతెర తప్పనిసరి. ఇంటికి వెళ్లాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, కొరాపుట్ వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకో.

ఒనకఢిల్లీ నుంచి లమతాపుట్ మీదుగా కొరాపుట్‌కు సుమారు 70 కిలోమీటర్లు. రెండు రోజులు పెట్టుకో. బలిమెల ఈసారికి వద్దు, ఆ దారి వేరు. అక్కడ ఈ నీటిని రెండు రాష్ట్రాలూ సగం సగం పంచుకుంటాయి. ఒడిశా సగం పొట్టేరు వైపు, మన సగం సీలేరు వైపు. విడిపోయిన ఆ రెండూ మళ్లీ శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడతాయి. నా మోకాళ్లు ఒప్పుకుంటే అది వచ్చే ఏడు ఇద్దరం కలిసి చూద్దాం, నేను బస్సులో, నువ్వు సైకిలు మీద.

అరకులో దిగగానే ఫోను చెయ్యి. జోలాపుట్ దాటాక సిగ్నల్ ఉంటుందో లేదో. మీ అత్తయ్య అప్పుడే ఊరగాయ సీసాలు కడుగుతోంది. గాజు సీసాలు నీ సైకిలు మీద బతకవని చెబితే వినడం లేదు.

మీ మామయ్య