బిల్లు అడిగాక వచ్చే పళ్లెం

చి.ల.సౌ. అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

అల్లుడూ నువ్వూ సెప్టెంబరులో గ్రీసు వెళ్తున్నారనీ, అందులో ఎక్కువ రోజులు క్రీట్ దీవిలోనే ఉంటారనీ మీ అమ్మ చెప్పింది. క్నోసోస్ శిథిలాల గురించి, హన్యా పాత రేవు గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. నేను రాసేది వేరే సంగతి. కారు తీసుకుని కొండల్లోకి వెళ్లాక మొగుడూ పెళ్లాం, ఒక కొడుకో కూతురో కలిసి నడుపుకునే చిన్న తవెర్నాలు కనిపిస్తాయి. తవెర్నా అంటే మన భోజన హోటల్ లాంటిదే. అక్కడ మీరు అడగనివి బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఏది బిల్లులోకి ఎక్కుతుందో, ఏది వాళ్లంతట వాళ్లు పెట్టిందో తెలియకే మనవాళ్లు తికమక పడతారు. కొందరు ప్రేమగా పెట్టినదాన్ని మోసమేమోనని పక్కకు నెట్టేస్తారు. ఇంకొందరు దానికి డబ్బులివ్వబోయి ఇంటివాళ్లను నొప్పిస్తారు.

గుర్తు పట్టడం తేలికే. తిండి మొదలుకాకముందు వచ్చేది డబ్బుది, తిండి అయ్యాక వచ్చేది వాళ్లది. కూర్చోగానే బుట్టలో రొట్టె, దాంతో ఆలివ్ కాయలో ఏదో ముద్దపచ్చడో తెచ్చి పెడతారు. దాన్ని 'కువేర్' పేరుతో మనిషికి ఇంతని బిల్లులో వేస్తారు. మామూలుగా యూరో, అటూ ఇటూగా ఉంటుంది. వద్దనుకుంటే తెచ్చినప్పుడే చెప్పాలి. సగం తిని చివర్లో తగువు పెట్టుకోకండి. సీలు వేసి తెచ్చే నీళ్ల సీసాకు కూడా డబ్బులే.

ఇక చివర వచ్చేది. అక్కడ ఎంతసేపు కూర్చున్నా బిల్లు దానంతట అది రాదు. అడక్కుండా తెస్తే లేచి వెళ్లమన్నట్టు అవుతుందని వాళ్ల లెక్క. 'తొన్ లొగరియాస్మో, పరకాలో' అని అడగాలి. అడిగాక బిల్లుకు ముందో, బిల్లుతో పాటో ఒక పళ్లెం వస్తుంది. సెప్టెంబరు కాబట్టి ద్రాక్షో అత్తిపళ్లో ఉండొచ్చు, లేదా నారింజ కేకు ముక్కో, నూనెతో చేసిన రవ్వ హల్వానో, తేనె పోసిన పెరుగో. పక్కనే వేలెడంత గ్లాసులు, చిన్న గాజు సీసాలో నీళ్లలా తెల్లగా ఒక ద్రవం. ఇదంతా 'కేరస్మా', అంటే వాళ్ల తరఫు మర్యాద. బిల్లు చీటీలో ఉండదు. అనుమానంగా ఉంటే నవ్వుతూ 'కేరస్మా?' అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ సీసాలోది మంచినీళ్లనుకుని ఎత్తి పోసుకోకండి. అది రాకీ, క్రీట్‌లో దాన్నే త్సికుదియా అని కూడా అంటారు. వైన్ కోసం ద్రాక్ష పిండాక మిగిలిన పిప్పిని పులియబెట్టి, అక్టోబరు, నవంబరుల్లో రాగి బానల్లో బట్టీ పెట్టి తీస్తారు. నూటికి నలభై పాళ్ల దాకా ఆల్కహాలు ఉంటుంది. అలవాటున్నవాళ్లు కూడా దాన్ని ఒక్క గుక్కలో వేసుకోరు, కబుర్లు చెప్పుకుంటూ చప్పరిస్తారు. గ్లాసు ఖాళీ అయితే ఇంటాయన మళ్లీ నింపుతాడు. ఇక చాలనుకుంటే గ్లాసులో సగం ఉంచేయడమే ఉపాయం. తాగే అలవాటు లేకపోతే దాపరికం అక్కర్లేదు, కుడి చెయ్యి గుండె మీద పెట్టి 'ఎఫ్హరిస్తో' అంటే చాలు. ధన్యవాదం, వద్దు, రెండూ అందులోనే వచ్చేస్తాయి. పళ్లెంలో పండు మాత్రం ఒక ముక్కైనా తినండి. అన్నీ వద్దంటే మాత్రం వాళ్లకు నిజంగానే బాధ.

అల్లుడు కారు నడిపే రోజైతే ఒక్క చుక్క కూడా వద్దు. అక్కడ చట్టం ప్రకారం లీటరు రక్తంలో 0.50 గ్రాముల ఆల్కహాలు దాటకూడదు, లైసెన్సు వచ్చి రెండేళ్లు కానివాళ్లకు, మోటారు సైకిలు నడిపేవాళ్లకు 0.20 గ్రాములే. ఆ కొండదారుల మలుపులు చూశాక, చట్టం లేకపోయినా నువ్వే వద్దంటావు. స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులతో చూపిస్తే ఎవరూ బలవంతం చేయరు.

చేతుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనకు 'చాలు చాలు' అనడానికి అరచెయ్యి చాపి, ఐదు వేళ్లూ విడదీసి ఎదుటివాళ్ల వైపు చూపించే అలవాటు. గ్రీసులో అది పచ్చి తిట్టు. దాన్ని మూత్జా అంటారు. ఐదు రొట్టెలు కావాలని చూపించినా అంతే. అరచెయ్యి నీ వైపు తిప్పుకుని చూపించు. తల ఊపడంలోనూ తిరకాసుంది. గడ్డం పైకెత్తి నాలుకతో 'త్స్' మంటే కాదని, 'నే' అంటే అవునని. హిందీ అలవాటైన చెవికి 'నే' అంటే 'నహీ' అన్నట్టు వినిపిస్తుంది, జాగ్రత్త. మన తల ఊపు వాళ్లకు అసలు అర్థం కాదు. నోటితోనే చెప్పండి.

నువ్వు మాంసం ముట్టవు కాబట్టి నీ తిండి సంగతి కాస్త విడమర్చాలి. 'వెజిటేరియన్' అంటే రేవు ఊళ్లలో తెలుసు, కొండ ఊళ్లలో ముసలమ్మకు తెలియకపోవచ్చు. ఆమెకు తెలిసిన మాట 'నిస్తీసిమో', అంటే ఉపవాసపు వంట. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో, ఈస్టరు ముందు రోజుల్లో, ఆగస్టు 1 నుంచి 14 దాకా మాంసం, పాలు, గుడ్డు మానేస్తారు. మీరు వెళ్లే నెలలో 14న సిలువ పండుగ, ఆ రోజూ ఉపవాసమే. ఇక్కడే ఒక మెలిక ఉంది. వెన్నెముక లేని జలచరాలకు ఆ ఉపవాసంలో అడ్డులేదు. రొయ్య, ఆక్టోపస్, స్క్విడ్ అన్నీ నిస్తీసిమోనే. అందుకని 'నిస్తీసిమో, ఓహి థలస్సినా' అను, అంటే సముద్రపువీ వద్దని. పాలు, పెరుగు, జున్ను కావాలంటే అది విడిగా చెప్పు. ఉపవాసమనగానే ఫెటా జున్ను కూడా తీసేస్తారు.

చాలా చిన్న తవెర్నాల్లో వంటింట్లోకి రమ్మని గిన్నెల మూతలు తీసి చూపిస్తారు. మొహమాటపడకుండా వెళ్లు, మెనూ కంటే అది నయం. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం, ఆలివ్ నూనె. ఫావా అంటే పసుపుపచ్చ పప్పు ముద్ద, పైన ఉల్లి. యిగాంతెస్ టొమాటోలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు. బ్రియామ్ కూరగాయలన్నీ కలిపి ఓవెన్‌లో వండేది. దాకోస్ అంటే బార్లీ రొట్టె ముక్కను కాస్త తడిపి, తురిమిన టొమాటో, మిజిత్రా జున్ను వేసినది, క్రీట్ వాళ్ల సొంతం. యెమిస్తా అని టొమాటో, మిరప లోపల బియ్యం కూరి పెడతారు. ఇంటిని బట్టి అందులో కీమా కూడా కలుపుతారు కాబట్టి 'హోరిస్ కిమా?', అంటే కీమా లేకుండానేనా అని తప్పకుండా అడుగు. హోహ్లీ అన్నవి నత్తలు. క్రీట్ వాళ్లు వాటిని గర్వంగా వడ్డిస్తారు, రుచి చూడమని ఇంటాయనే తెచ్చి పెట్టినా ఆశ్చర్యపోకు. అల్లుడి ముందుకు జరిపెయ్.

కారం లేదని కూర్చోగానే ఆవకాయ సీసా తీయకు. వండినావిడ అక్కడే నిలబడి చూస్తుంటుంది. 'బుకోవో' అడుగు, ఎండుమిర్చి పలుకులు తెచ్చిస్తారు.

ఎంత తెమ్మని చెప్పాలన్నది మనవాళ్లు పొరపడే ఇంకో చోటు. పళ్లాలన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకునే పద్ధతి వాళ్లది, పరిమాణం పెద్దది. ఇద్దరికి ఒక సలాడ్, రెండు చిన్న పదార్థాలు, అల్లుడికి ఒక మాంసం వంటకం మించి చెప్పకండి. చివర పళ్లేనికి పొట్టలో చోటు ఉండాలి కదా. చేప కావాలంటే మాత్రం ధర కిలోకని గుర్తుంచుకోండి. వండకముందే తూయించి లెక్క అడగడం మర్యాదే, అక్కడివాళ్లూ అదే చేస్తారు. మెనూలో పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే అది ఫ్రీజర్ సరుకు.

డబ్బు విషయం. అచ్చు రసీదు అడిగి తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టనవసరం లేదని అక్కడి హోటళ్లలో బోర్డులే ఉంటాయి. కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది, అయినా కొండల్లో సిగ్నలు పోతుంది కాబట్టి ఇద్దరి భోజనానికి సరిపడా నోట్లు దగ్గర ఉంచుకోండి. టిప్పు తప్పనిసరి కాదు. నచ్చితే నూటికి ఐదు, పది చొప్పున నాణేలు బల్ల మీద ఉంచేయండి. కానీ అది వడ్డించినందుకు. ఆ పళ్లేనికి వెలకట్టి ఇవ్వబోవద్దు. 'దీనికెంత' అని పర్సు తీయడం, మన పెళ్లి భోజనంలో విస్తరికి రేటు అడిగినట్టే.

మరి బదులేమిటంటావా? తొందరపడి లేవకుండా కాసేపు కూర్చోవడం మొదటిది. ఇంటాయన కుర్చీ లాక్కుని ఎక్కడివాళ్లని అడుగుతాడు. ఫోనులో మీ ఊరి ఫోటోలు చూపించు, వాళ్ల తోట గురించి అడుగు. ఆ నూనె చాలాసార్లు వాళ్ల చెట్లదే అయి ఉంటుంది. రెండోది, ఊళ్లో ఉండే రోజుల్లో మళ్లీ అక్కడికే వెళ్లడం. రెండోసారికి నువ్వు చుట్టానివి. మూడోది, ఇక్కడి నుంచి చిన్న వస్తువులు రెండు మూడు పట్టుకెళ్లడం. ఏటికొప్పాక లక్కబొమ్మలు తేలిక, పగలవు, చూడముచ్చటగా ఉంటాయి. అరకు కాఫీ పొడి పొట్లం కూడా బాగుంటుంది, కాఫీ విలువ తెలిసిన జాతి అది. పాలకోవా, నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఇచ్చేటప్పుడు బిల్లుతో కలిపి ఇవ్వకు. లెక్క తేలి, లేచి, గుమ్మం దగ్గర వంటావిడ చేతికి ఇవ్వు.

ఇంకో మాట. ఆదివారం మధ్యాహ్నం ఊళ్లోని కుటుంబాలన్నీ తవెర్నాలోనే ఉంటాయి. ఆ రోజు ఒంటిగంటకే చేరుకోండి, లేదంటే ముందు రోజు ఫోన్ చేసి బల్ల చెప్పుకోండి. రెండున్నరకు వెళ్తే ఇంటావిడకు మీతో మాట్లాడే తీరికే ఉండదు.

ఇట్లు
మావయ్య