ఎనిమిది లెక్కతో బంధాలు అర్థం కావు

కొన్ని మూలకాలు కొన్నింటితోనే కలుస్తాయి, మిగతావాటి జోలికి పోవు. బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నింపుకోవాలన్న ఆరాటమే దీనికి కారణమా అని అడిగారు. బంగారం ఎందుకు తుప్పు పట్టదని కూడా అడిగారు.

ఆ ఆరాటం అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. సోడియం తన ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలని చూస్తుంటుందని, క్లోరిన్ దానికోసం కాచుకుని ఉంటుందని బడిలో చెబుతారు. పిల్లల వీడియోల్లోనైతే పరమాణువులకు కళ్లూ నోరూ పెట్టి నవ్విస్తారు. సోడియం దేన్నీ ఊరికే ఇవ్వదు. వాయుస్థితిలో ఉన్న ఒక మోల్ (పరమాణువులను లెక్కపెట్టడానికి వాడే ఒక పెద్ద మూట) సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగాలంటే 496 కిలోజౌళ్లు పెట్టాలి. ఆ ఎలక్ట్రాన్లు క్లోరిన్‌కు చేరితే తిరిగి వచ్చేది 349 మాత్రమే. సోడియం లోహాన్ని ఆవిరి చేసే ఖర్చు, క్లోరిన్ అణువును చీల్చే ఖర్చు వీటికి అదనం. ఇంతవరకూ అంతా నష్టమే. ధన, రుణ అయాన్లు (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న, పొందిన పరమాణువులు) స్ఫటికంగా పేరుకున్నప్పుడు 787 కిలోజౌళ్లు ఒక్కసారిగా వెలువడతాయి, అప్పులన్నీ తీరి ఇంకా మిగులుతుంది. మూలకాలు కలవడమూ కలవకపోవడమూ ఈ జమాఖర్చుల మీదే ఆధారపడి ఉంటుంది. ఎనిమిది నిండటం చాలాసార్లు ఆ లెక్క చివర కనబడే ఫలితం, అంతే.

ఇది నేను పుస్తకంలో కాదు, కళ్లారా చూసి నేర్చుకున్నాను. అప్పట్లో లిథియం బ్యాటరీల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో పనిచేసేవాడిని. లిథియంకు గాలి తగలకూడదు కనుక ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లో (చేతి తొడుగులు అమర్చిన మూసిన పెట్టెలో) ఉంచేవాళ్లం. ఒక సాయంత్రం ఆర్గాన్ సిలిండర్ ఖాళీ అయింది. కొత్తగా చేరిన కుర్రవాడు పక్కనే ఉన్న నైట్రోజన్ సిలిండర్‌ను తగిలించి ఇంటికి వెళ్లాడు. అతన్ని నేను తప్పుపట్టను. నైట్రోజన్ దేనితోనూ అంత తేలిగ్గా కలవదని అతను చదివిన పాఠాలన్నీ చెప్పాయి. లిథియం విషయంలో మాత్రం అది చెల్లదని ఒక్క పాఠమూ చెప్పలేదు.

తెల్లారి చూస్తే లిథియం రేకు వెండి మెరుపు పోయింది. అంచుల నుంచి లోపలికి ముదురు గోధుమ, నలుపు మచ్చలు పాకాయి. అదే పెట్టెలో, దానికి జానెడు దూరంలో, ముందు రోజు కోసిన సోడియం ముక్క ఉంది. దాని మెరుపు పెద్దగా తగ్గలేదు. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఎందుకంటే నీటిలో వేస్తే లిథియం కంటే సోడియమే ఎక్కువ దూకుడు చూపిస్తుంది. ఆ నల్లటి పొరను కాస్త గీకి, ఫ్యూమ్ హుడ్‌లో (ఘాటు వాయువులను బయటకు లాగేసే అరలో) పెట్టి ఒక చుక్క నీరు వేశాం. పైన పట్టుకున్న తడి ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారింది, ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలింది. రాత్రికి రాత్రి, నీరు తగిలితే అమ్మోనియా ఇచ్చే లిథియం నైట్రైడ్ (లిథియం, నైట్రోజన్ కలిసిన సమ్మేళనం) తయారైందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

లిథియం, సోడియం రెండింటికీ బయటి కక్ష్యలో ఉన్నది ఒకే ఎలక్ట్రాన్. రెండూ ఒకే గ్రూపువి. ఎనిమిది లెక్క ప్రకారమైతే రెండూ ఒకేలా ప్రవర్తించాలి. కానీ నైట్రోజన్ అణువులోని త్రిబంధాన్ని తెంచడానికే మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి, ఆ పైన ఒక్కో పరమాణువు మీద మూడు ఎలక్ట్రాన్లు రుద్దాలి. అంత ఖర్చునూ స్ఫటికమే తీర్చాలి. లిథియం అయాన్ వ్యాసార్థం సుమారు 76 పికోమీటర్లు, సోడియంది 102. చిన్న అయాన్ నైట్రైడ్ అయాన్‌కు బాగా దగ్గరగా చేరగలదు కనుక ఆకర్షణ బలంగా ఉండి ఖర్చు తీరిపోతుంది. సోడియంకు అది సాధ్యం కాదు. అలాగని సోడియం నైట్రైడ్ అసలు లేదనుకోవద్దు: అతిశీతల పరిస్థితుల్లో పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చి 2002లో దాన్ని తయారుచేశారు. కాస్త వేడి చేస్తే మళ్లీ విడిపోతుంది.

జడ వాయువుల కథ ఇంకా బాధాకరం. వాటిలో ఒకటైన జినాన్‌ను 1898లో కనుగొన్నారు. ఎనిమిదీ నిండాయి కనుక అది దేనితోనూ కలవదని దశాబ్దాల పాటు బల్లగుద్ది చెప్పారు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేసుకుందని కెనడాలోని వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించారు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావలసిన శక్తి), జినాన్ అయనీకరణ శక్తి రెండూ 1170 కిలోజౌళ్లకు అటూ ఇటూగా ఉన్నాయి. అయితే జినాన్ మాత్రం ఎందుకు ఇవ్వదని 1962లో జినాన్‌ను ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో కలిపారు. నారింజ-పసుపు రంగు ఘనపదార్థం ఏర్పడింది. పట్టికలో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసిన మనిషికి దొరికింది అది. మన పరీక్షల్లో మాత్రం ఇప్పటికీ సంయోజకతల (ఒక్కో మూలకం ఎన్ని బంధాలు పెట్టుకోగలదన్న) జాబితా అప్పజెప్పిస్తారు, అయనీకరణ శక్తుల పట్టికను పుస్తకం చివరకు నెట్టేస్తారు. పిల్లలకు రసాయనశాస్త్రం అంటే బట్టీ చదువని అనిపించడంలో వింత ఏముంది?

ఇంకొక సంగతి. లెక్కలో లాభం ఉన్నా కలవకుండా ఉండిపోయేవి ఉన్నాయి. హైడ్రోజన్, ఆక్సిజన్‌లను ఒకే సీసాలో ఉంచితే మామూలు ఉష్ణోగ్రతలో అలాగే ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ తగిలితే పేలతాయి. మొదట బంధాలు వదులయ్యేందుకు కావలసిన శక్తి దొరకాలి.

ఇక బంగారం. దాని ఎలక్ట్రాన్ లాగాలంటే 890 కిలోజౌళ్లు కావాలి, ఆక్సిజన్‌తో కలిస్తే ఆ ఖర్చు రాదు. వేరే దారిలో బంగారు ఆక్సైడ్‌ను తయారుచేసినా, వేడిచేస్తే విడిపోయి మళ్లీ బంగారమే మిగులుతుంది. అదే బంగారాన్ని సీజియంతో కలిపి చూడండి. సీజియం ఎలక్ట్రాన్‌కు 376 చాలు, దాన్ని అందుకుంటే బంగారం 223 తిరిగి ఇస్తుంది, మిగతాది స్ఫటికం చూసుకుంటుంది. అక్కడ బంగారమే రుణ అయాన్ అవుతుంది, క్లోరిన్ కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. ఆ సమ్మేళనం పేరు సీజియం ఆరైడ్, దానికి లోహపు మెరుపు కూడా ఉండదు.