ఎస్‌జీఓటీ 96 చూసి మందులు ఆపొద్దక్కా

అక్కా, పదకొండేళ్ల పాపకు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), లివరు పరీక్షల్లో ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 38, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 310 వచ్చాయి, లివరు పోతోందేమో, స్టెరాయిడ్ ఆపి ఆకుపసరు పోయిస్తానని రాశారు. దయచేసి ఆ పని చేయొద్దు. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. కొన్ని పసరులే లివరును దెబ్బతీస్తాయి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కు భయం వద్దు. ఎదిగే ఎముకల నుంచి వస్తుంది, ఆ వయసుకు 310 మామూలే. రిపోర్టులో పక్కన అచ్చేసేది చాలాసార్లు పెద్దవాళ్ల లెక్క.

కారణం వెతకాల్సింది ఎస్‌జీఓటీకే. అది లివర్‌లోనే కాదు, కండరాల్లో, ఎర్రకణాల్లో కూడా ఉంటుంది. ఎస్‌జీపీటీ పెద్దగా పెరగలేదు కాబట్టి కండరాలు, ఎర్రకణాలు రెండింటినీ చూడాలి. లూపస్‌లో రోగనిరోధక వ్యవస్థ సొంత ఎర్రకణాలనే పగలగొట్టొచ్చు. మా అమ్మాయికి కళ్లు పచ్చబడితే కామెర్లనుకున్నాం. కింది రెప్ప లాగి చూస్తే సున్నంలా తెల్లగా ఉంది, అంటే రక్తం తగ్గింది. తీరా కూంబ్స్ పరీక్ష (ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసేది) పాజిటివ్. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగేది), సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది), బిలిరుబిన్ (ఎర్రకణాలు పగిలితే పెరిగే పసుపు పదార్థం), హిమోగ్లోబిన్, కూంబ్స్ చేయిద్దామా అని డాక్టరును అడగండి. సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రొటీన్లు కూడా. అవి తగ్గుతుంటే జబ్బు రాజుకుంటోందని అనుమానించాలి. మూత్రంలో ప్రొటీన్ తప్పకుండా చూపించండి, కిడ్నీ దెబ్బ మొదట్లో పైకి కనిపించదు.

కిడ్నీ సంగతికి తిరుపతి స్విమ్స్‌లో నెఫ్రాలజీ ఉంది. చిత్తూరు నుంచైతే వేలూరు సీఎంసీ దగ్గరే, అక్కడ లూపస్ లాంటి జబ్బులు చూసే రుమటాలజీ ఉంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పట్టుకెళ్లండి. మధ్యలో జ్వరమొస్తే మాత్రం ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.