మినిమమ్ డ్యూ కడుతున్నా బాకీ ఎందుకు తరగడం లేదు?

ప్రశ్న: పాత కార్డు మీదున్న రూ. 90,000 బాకీని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కింద ఇంకో బ్యాంకు కార్డుకు మార్చుకున్నాను. 6 నెలల పాటు నెలకు 1 శాతం వడ్డీ అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు ముందే కట్టేశాను. మొదటి స్టేట్‌మెంట్‌లో మినిమమ్ డ్యూ రూ. 4,553 అని వచ్చింది. ప్రతి నెలా అదే కడుతూ పోతే 6 నెలల్లో బాకీ తీరిపోతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తీరదండీ. లేటు ఫీజు పడకుండా, సిబిల్ రికార్డు (మీరు అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే చిట్టా) చెడకుండా ఉండడానికి కట్టాల్సిన కనీస మొత్తమే మినిమమ్ డ్యూ. ఆఫర్ గడువులోగా మీ బాకీ తీరుతుందా లేదా అన్నది ఆ లెక్కలోకి రానే రాదు.

మీ అంకెలతోనే చూద్దాం. మొదటి నెల రూ. 90,000 మీద వడ్డీ రూ. 900. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ రూ. 162. మొత్తం రూ. 91,062. అందులో 5 శాతమే మీకు వచ్చిన రూ. 4,553. బాకీ తగ్గేకొద్దీ ఈ 5 శాతం కూడా తగ్గుతూ వస్తుంది. అలా ఆరు మినిమమ్‌లు కట్టాక కూడా దాదాపు రూ. 71,000 అలాగే ఉంటుంది.

అసలు ఇబ్బంది ఏడో నెలలో మొదలవుతుంది. ఆఫర్ ముగిసి మామూలు రేటు పడుతుంది. చాలా కార్డుల మీద అది నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా ఉంది. 3.6 శాతం అనుకుంటే రూ. 71,000 మీద వడ్డీ, జీఎస్టీ కలిపి ఒక్క నెలకే రూ. 3,016. ఆ నెల మినిమమ్ డ్యూ రూ. 3,701. అంటే మీరు రూ. 3,701 కడితే అసలులో తగ్గేది రూ. 685! బాకీ మార్చుకుని పొందిన లాభం అక్కడ కరిగిపోతుంది.

6 నెలల్లో పూర్తిగా తీరాలంటే నెలకు సుమారు రూ. 15,650 కట్టాలి. అంత కుదరకపోతే ఐదో నెలలోనే బ్యాంకుకు ఫోన్ చేసి, మిగిలిన బాకీని ఈఎంఐగా మార్చమని అడగండి. ఆరో నెల దాటాక అడిగితే ఆలోపు పడిన వడ్డీ ఎటూ కట్టాల్సిందే. ఈఎంఐగా మారిస్తే కిస్తీ మొత్తం మినిమమ్ డ్యూలో కలుస్తుంది కాబట్టి అప్పుడు మినిమమ్ కట్టినా ఆ బాకీ ఏ నెలకానెల తరుగుతుంది. వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే చార్జీ – ఈ మూడూ అడిగి రాసుకోండి. వడ్డీ ఉన్న ఈఎంఐని వడ్డీ లేనిదని చెప్పి అంటగట్టకూడదని 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది.

ఇంకొక్క మాట. బాకీ తీరేదాకా ఆ కొత్త కార్డును బీరువాలో పెట్టేయండి. మినిమమ్ మాత్రమే కట్టి మిగతాది ముందుకు నెట్టినప్పుడు కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. 5వ తేదీన సరుకులకు రూ. 4,000 గీకితే 5వ తేదీ నుంచే వడ్డీ, అదీ 1 శాతం కాదు, మామూలు రేటు. ఆఫర్ రేటు మీరు మార్చుకున్న బాకీకి మాత్రమే.

ప్రశ్న: బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ మంజూరైందని మెసేజ్ వచ్చింది. పాత కార్డు గడువు తేదీ ఎల్లుండి. ఇంక దానికి కట్టక్కర్లేదు కదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కట్టండి. మంజూరు కావడం వేరు, డబ్బు పాత కార్డు ఖాతాలో జమ కావడం వేరు. మధ్యలో కొన్ని పనిదినాలు పడతాయి. ఈలోగా గడువు దాటితే లేటు ఫీజు పాత బ్యాంకే వేస్తుంది. జమ అయ్యాక కూడా, ముందు స్టేట్‌మెంట్ తేదీ నుంచి జమ అయిన రోజు దాకా పడిన వడ్డీ తర్వాతి స్టేట్‌మెంట్‌లో వస్తుంది. బాకీ సున్నా అయిందనుకుని ఆ చిన్న మొత్తాన్ని వదిలేసి లేటు ఫీజు కట్టినవాళ్లు చాలామంది. ఒక పూర్తి స్టేట్‌మెంట్ సున్నాతో వచ్చాకే పాత కార్డు రద్దు చేయించుకోండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. 3,000 పౌండ్ల బాకీని 24 నెలలు 0 శాతం కార్డుకు మార్చాం. ఫీజు 3 శాతం. మినిమమ్ 1 శాతం లేదా 25 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. వడ్డీ లేదు కాబట్టి మినిమమ్ సరిపోదా?
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: ఫీజు 90 పౌండ్లతో కలిపి మీ బాకీ 3,090. మినిమమ్ మొదటి నెల 31 పౌండ్ల దగ్గర మొదలై, చివరికి 25కి దిగుతుంది. అలా 24 నెలలు కట్టినా దాదాపు 2,430 పౌండ్లు మిగులుతుంది. దాని మీద ఏటా 25 శాతం రేటు పడితే నెలకు 45 పౌండ్ల పైనే వడ్డీ.

3,090ని 23తో భాగించండి, 135 పౌండ్లు వస్తుంది. 24తో ఎందుకు కాదంటే, చాలా ఆఫర్లలో గడువు కార్డు ఖాతా తెరిచిన రోజు నుంచే లెక్క. మీరు బాకీ మార్చేసరికి, మొదటి బిల్లు వచ్చేసరికి ఒక నెల కరిగిపోతుంది. డైరెక్ట్ డెబిట్ (నెలనెలా మీ బ్యాంకు ఖాతా నుంచి డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు) పెట్టేటప్పుడు ‘మినిమమ్’ కాకుండా ‘ఫిక్స్‌డ్ అమౌంట్’ ఎంచుకుని 135 రాయండి. అది అమల్లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, మొదటి బిల్లు దానికి అందకపోవచ్చు. అదొక్కటి మీరే కట్టండి. ఒక్క కిస్తీ తప్పినా 12 పౌండ్ల దాకా ఫీజుతో పాటు 0 శాతం ఆఫరే పోవచ్చు. అక్కడ కట్టిన డబ్బు ముందుగా ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకి జమ కావాలన్నది నియమం. కాబట్టి అదే కార్డుతో కొత్తగా కొంటే మీ 135 ముందు ఆ కొనుగోళ్లకు పోతుంది, మార్చుకున్న బాకీ కదలదు.

ప్రశ్న: ఊరెళ్లి మినిమమ్ డ్యూ కట్టడం రెండు రోజులు ఆలస్యమైంది. సిబిల్ దెబ్బతింటుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కంగారు పడకండి. ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం గడువు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే బ్యాంకు లేటు ఫీజు వేయాలి, సిబిల్ లాంటి క్రెడిట్ రికార్డు సంస్థలకు తెలపాలి. మీకు ఫీజు పడి ఉంటే ఈ నియమం ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఈ మూడు రోజులు ఫీజుకూ రికార్డుకే గానీ, వడ్డీకి వర్తించవు. నాలుగో రోజు కడితే మాత్రం ఆలస్యాన్ని అసలు గడువు తేదీ నుంచే లెక్కిస్తారు. వేరే యాప్‌లో కట్టిన డబ్బు ఒక్కోసారి జమ కావడానికి రెండు మూడు రోజులు తీసుకుంటుంది, గడువు రోజున కట్టేవాళ్లు కార్డు బ్యాంకు సొంత యాప్‌లోనే కట్టండి.