దద్దుర్లకు పసరు రాసే ముందు గడియారం పట్టీ కడగండి

విషపు మొక్కలు తగిలి చర్మం మీద దద్దుర్లు లేస్తే ఇంట్లో ఉన్నవాటితోనే ఉపశమనం పొందడం ఎలాగని అడిగారు. ఏ ఆకు నూరాలి, ఏ నూనె పూయాలి అనే జవాబు కోసం మీరు చూస్తూ ఉంటారని తెలుసు. అయినా చర్మానికి అంటుకున్నదాన్ని ముందుగా వదిలించుకోవడమే అసలు వైద్యమని, పైపూతలన్నీ దాని తరువాతివేనని, మూడు వారాలు అవస్థపడి తెలుసుకున్న మనిషిగా గట్టిగా చెప్పగలను.

ఒక మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని పచ్చి జీడిపిక్కలను కత్తితో చీల్చి పప్పు తీస్తుండగా పెంకులోని జీడి చిమ్మి ఎడమ మణికట్టు మీద పడింది. గుడ్డతో తుడుచుకుని పని సాగించాను. ఆ రోజు ఏమీ కాలేదు, మరునాడూ కాలేదు. మూడో రోజు తెల్లవారుజామున దురదకు మెలకువ వచ్చి దీపం వేసి చూస్తే, జీడి కారిన దారి వెంటే గీత గీసినట్టుగా ఎర్రని పొక్కులు వరుస కట్టి ఉన్నాయి. తెల్లవారేసరికి ఆవగింజంత ఉన్నవి సాయంత్రానికి శనగగింజంత అయి, లోపల పలచని నీరు చేరింది.

ఇక ఇంటిల్లిపాదీ వైద్యులే. ఒకరు పసుపు అన్నారు, ఒకరు వేపాకు అన్నారు, మా పెద్దమ్మ మాత్రం నిమ్మచెక్కతో రుద్దితే విషం విరిగిపోతుందని తేల్చి చెప్పింది. రుద్దుకున్నాను, మంటకు ప్రాణం పోయినంత పనైంది. అంతటితో ఆగక, అదే చేతితో ఎండలో తిరిగినందువల్ల పొక్కులు లేని చోట కూడా నల్లని మచ్చలు తేలి, దద్దుర్లు మానిన తరువాత నెలల తరబడి ఉండిపోయాయి. నిమ్మరసంలోని ఫ్యూరోకుమరిన్లు అనే పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయన్న సంగతి, చర్మవ్యాధులకు నిమ్మరసాన్ని సిఫారసు చేసేవారిలో ఒక్కరూ చెప్పరు. పసుపు, వేప కూడా కొందరికి సొంతంగా ఎలర్జీ తెస్తాయి కాబట్టి, అప్పటికే చెదిరిపోయిన చర్మం మీద వాటితో ప్రయోగాలు చేయడం నాకు సమ్మతం కాదు.

వారం గడిచి పాత పొక్కులు ఎండుతుండగా మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు కొత్తవి లేచాయి. పొక్కులు చితికి నీరు పాకిందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. అది తప్పు. పొక్కులోని నీరు మన శరీరం ఊరించినదే తప్ప దానిలో మొక్క విషం ఉండదు. అసలు దోషి నా గడియారం తోలుపట్టీ. ఆ మధ్యాహ్నం దాని మీద పడిన జీడి అలాగే ఉండగా, చేయి నెమ్మదించిందని మళ్లీ కట్టుకున్నాను. జీడిమామిడి, నల్లజీడి, మామిడి, అమెరికాలోని పాయిజన్ ఐవీ అనే తీగ ఒకే కుటుంబానికి చెందినవి. వాటి సొనలో దద్దుర్లు రేపే ఉరుషియాల్ అనే పదార్థం గానీ దానికి దగ్గరివి గానీ ఉంటాయి. అవి నూనె స్వభావం కలవి కాబట్టి తుడిస్తే పోవు సరికదా, పనిముట్లకూ బట్టలకూ అంటుకుని చాలాకాలం అలాగే నిలిచి ఉంటాయి. తగిలిన పది నిమిషాల లోపు సబ్బు, ధారాళమైన నీటితో గోళ్ల సందులతో సహా కడిగితే చాలావరకు తప్పించుకోవచ్చు. ఆలస్యమైనా కడగడం మానరాదు. కడగకముందే కొబ్బరినూనె రాస్తే మాత్రం సొనను మరింత మేరకు పులుముకున్నట్టే. ఇటువంటి తీగలను కొట్టి తగలబెట్టేవారిని చూస్తే నాకు కోపం ఆగదు, ఎందుకంటే ఆ పొగ ఊపిరితిత్తులకు సైతం హాని చేస్తుంది.

దద్దుర్లు లేచాక నాకు నిజంగా పనిచేసినది చన్నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డ. పావుగంట చొప్పున రోజుకు నాలుగైదుసార్లు వేసుకుంటే దురద అణిగి నిద్ర పట్టేది. మెత్తగా పొడిచేసిన ఓట్స్ కలిపిన చల్లని నీటి స్నానం, కాలమైన్ లోషన్ కూడా మంచివే. వేడినీళ్లు పోసుకుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, తరువాత దురద రెట్టింపవుతుంది. ఏమి పూసినా ఈ దద్దుర్లు రెండు మూడు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ సమయంలో ఎవరు ఏది రాసుకుంటే దానికే పేరు దక్కుతుంది, ఆకు వైద్యాల కీర్తిలో సగం ఇలా వచ్చినదేనని నా అనుమానం.

దూలగొండి సంగతి వేరు. దాని కాయల మీది నూగు చర్మంలో గుచ్చుకుని అప్పటికప్పుడే దురద పెడుతుంది, గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. అక్కడ రుద్దకుండా, అంటుకునే టేపును పరిచి ఊడబీకి, ఆ తరువాతే కడగాలి.

ముఖం, కళ్లు, మర్మావయవాల దగ్గర వచ్చినా, ఒంటి మీద ఎక్కువ భాగానికి వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి.

పట్టీని పారేశాను గానీ, ఆ కత్తి పిడిని కడగాలని నాకు తట్టేలోపే మా తమ్ముడు దానితో కొమ్మలు నరికాడు. మూడో రోజు అతని వేళ్ల సందుల్లో పొక్కులు లేచాయి. పెద్దమ్మ నిమ్మకాయ తెచ్చేలోగా నేను తడిగుడ్డతో సిద్ధంగా ఉన్నాను.