నేవీ ఆఫీసరుగా ఉంటూ సముద్రం మీద పుస్తకాలు రాయగలమా?

కోరుకొండ సైనిక్ స్కూల్లో ఇంటర్ చదువుతున్న తమ్ముడు అడిగాడు: నేవీలో చేరాలనుంది, సముద్రం మీద పుస్తకాలూ రాయాలనుంది, రెండూ కుదురుతాయా అని.

కుదురుతాయి గానీ, రెండూ ఒకేసారి కావాలంటే కష్టం తమ్ముడూ. నేనూ మీ స్కూల్లోనే చదివి, ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) మీదుగా నేవీకి వెళ్ళాను. ఓడ మీదున్నన్నాళ్ళూ డ్యూటీ దిగితే నిద్ర, నిద్ర లేస్తే డ్యూటీ. పైగా సర్వీసులో ఉండగా నేవీ విషయాల మీద ఏం అచ్చు వేయించాలన్నా ముందు పర్మిషన్ తీసుకోవాలి.

వైస్ అడ్మిరల్ జి.ఎం. హీరానందానీ సంగతే చూడు. 1971 యుద్ధంలో ఆయన వెస్ట్రన్ ఫ్లీట్‌కి ఆపరేషన్స్ ఆఫీసర్. డిసెంబర్ 4 రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీని కొట్టాయే, దాని గుర్తుగానే నేవీ డే చేస్తారు. 1980లో సోవియట్ యూనియన్‌లో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ యుద్ధనౌకని నేవీలోకి తీసుకున్నప్పుడు దాని మొదటి కమాండింగ్ ఆఫీసర్ కూడా ఆయనే. (ఆ ఓడకి 2021లో వీడ్కోలు చెప్పింది మన విశాఖలోనే.) తర్వాత నేవీ వైస్ చీఫ్ దాకా వెళ్ళారు. నేవీ చరిత్ర మీద ఆయన మొదటి సంపుటం ‘ట్రాన్సిషన్ టు ట్రయంఫ్’ వచ్చింది మాత్రం 2000లో, రిటైరై చాలా ఏళ్ళయ్యాక. మొత్తం మూడు సంపుటాలు, 1965 నుంచి 2000 వరకు. నవలలా చదువుదామని మొదలుపెడితే పది పేజీల్లో మూసేస్తావు. ఏ ఓడ ఎందుకు కొన్నారు, మనుషుల్ని ఎలా తయారు చేశారు, అంతా అదే గొడవ. నాకైతే యుద్ధం కంటే అవే ఎక్కువ నచ్చాయి.

రాత మానేయమని కాదు. అసలు ఓడే రాయడం నేర్పుతుంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 4 వరకు ఉండే మిడిల్ వాచ్ డ్యూటీలో లాగ్ బుక్ నింపాలి. ‘గాలి బాగా వీచింది’ అంటే ఒప్పుకోరు. ఎటు నుంచి, వేగం ఎన్ని నాట్స్, బారోమీటర్‌లో గాలి ఒత్తిడి ఎంత, అదీ రాయాలి. నాలో ఉన్న కవిత్వం అంతా అక్కడే వదిలింది, మంచిదే అయింది. సొంత నోట్‌బుక్ కూడా పెట్టుకో, కానీ డ్యూటీ రహస్యాలు అందులోకి రానీకు.

ఈలోపు రాయడానికి మన తీరమే బోలెడుంది. వంశధార సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు రేవుగా వెలిగిన కళింగపట్నం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్ళే మత్స్యకారులున్నారు. వాళ్ళలో కొందరు 2018లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. ఊరికి వెళ్ళి, కూర్చుని, వాళ్ళు చెప్పేది విను.

ముందు మాత్రం ఎన్‌డీఏ రాతపరీక్ష చూసుకో. 900 మార్కుల్లో లెక్కలకే 300. రాయడం ఇష్టమంటున్నావు కాబట్టి ఇంగ్లీషు 200 గురించి నాకు బెంగ లేదు.