డాక్టర్ సలహా: రొమ్ము తీసేశాక ఏ బ్రా వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 47. మాది చిత్తూరు. రొమ్ము క్యాన్సర్ వస్తే వేలూరులో ఎడమవైపు రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశామన్నారు. కీమో, ఆ తర్వాత రేడియేషన్ అయిపోయి రెండు నెలలు దాటింది. పాత బ్రా వేసుకుంటే చంక కింద కోసుకుపోతోంది, కుట్ల మీద ఒరుసుకుంటోంది. వేసుకోకపోతే జాకెట్ ఒకవైపు లోపలికి పడిపోయి బయటికి పోవాలంటే సిగ్గుగా ఉంది. గుడ్డ ముక్కలు మడిచి పెట్టుకుంటున్నాను. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో వైరు ఉన్న ప్యాడెడ్ బ్రా తెప్పించింది, అది వేసుకోవచ్చా? బిగుతు బ్రాలు వేసుకున్నందుకే నాకు క్యాన్సర్ వచ్చిందని మా ఆడబిడ్డ అంటోంది, నిజమేనా? ఈమధ్య సాయంత్రానికి ఎడమ చేతి గాజులు కూడా బిగిసిపోతున్నాయి.

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన గాజుల సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. చంకలో లింఫ్ గ్రంథులు తీసేసి, ఆపైన రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్లలో కొందరికి చేతిలోని నీరు సరిగా వెనక్కి పోక వాపు వస్తుంది. దీన్ని లింఫెడిమా అంటారు. మొదట్లో పెద్ద వాపేమీ కనిపించదు, చేయి బరువుగా ఉన్నట్టుంటుంది, గాజులు బిగుస్తాయి, జాకెట్ చేయి ఎక్కడం కష్టమవుతుంది, అంతే. ఈ దశలోనే చూపించుకుంటే ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు, ఒక పద్ధతిలో చేసే మసాజ్, కొలత తీసి ఇచ్చే ప్రెషర్ స్లీవ్ (చేతికి తొడుక్కునే బిగుతు తొడుగు) వీటితో బాగా అదుపులో ఉంటుంది. నెలల తరబడి వదిలేస్తే లోపల గట్టిపడి తగ్గడం కష్టమవుతుంది. కాబట్టి బ్రా కొనేలోపే చేయి చూపించుకోండి. వేలూరుకు ఇప్పుడప్పుడే పోలేకపోతే తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర 2022లో మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. చేయి ఉన్నట్టుండి ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరం వస్తే మాత్రం అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. డాక్టరుకు చూపించేదాకా ఎడమ చేతి గాజులు తీసి పెట్టండి, ఇంట్లో ఎవరేమన్నా సరే.

ఇక మీ ఆడబిడ్డ మాట. అది నిజం కాదు. అమెరికాలోని సియాటిల్‌లో ముట్లు ఆగిపోయిన సుమారు 1,500 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఏ వయసులో బ్రా వేసుకోవడం మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నారు, వైరు ఉందా లేదా అన్నీ అడిగి చూశారు, వేటికీ క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదు. మీరు వేసుకున్న బట్ట వల్ల మీకు ఈ జబ్బు రాలేదు. ఇంత వైద్యం తట్టుకుని బయటపడ్డ మనిషి మీద ఇంట్లోవాళ్లే ఇలా తప్పు మోపితే నాకు చాలా బాధగా ఉంటుంది, దయచేసి ఈ జవాబు ఆమెకు కూడా చూపించండి.

అమ్మాయి తెప్పించిన వైరు బ్రా ఇప్పుడు వద్దు. ఆపరేషన్ జరిగిన చోట చర్మం పలచబడి ఉంటుంది, రేడియేషన్ తర్వాత ఇంకా సున్నితంగా ఉంటుంది, చాలాచోట్ల స్పర్శ కూడా సరిగా తెలియదు. అంటే వైరు కోస్తున్నా మీకు వెంటనే తెలియకపోవచ్చు, పుండు పడ్డాకే తెలుస్తుంది. పైగా ఆ వైరు చివర సరిగ్గా చంక కింద నొక్కుతుంది, మీకు ఇబ్బంది ఉన్నదే అక్కడ. వాపసు ఇచ్చే గడువు ఉంటే ఇచ్చేయండి.

మీకు కావలసింది మెత్తటి కాటన్ బ్రా, లోపలివైపు కుట్లు, లేసు లేకుండా నున్నగా ఉండాలి. ముందువైపు హుక్స్ ఉన్నది తీసుకోండి, ఎందుకంటే భుజం ఇంకా బిగుసుకుని ఉంటే చేయి వెనక్కి తిప్పి హుక్ పెట్టుకోవడం నరకం. రొమ్ము కింద వచ్చే పట్టీ వెడల్పుగా ఉండాలి, బరువు మోయాల్సింది ఆ పట్టీయే, భుజాలు కాదు. ఇది చాలామందికి తెలియదు, పట్టీ వదులుగా ఉన్న బ్రా కొని, జారిపోతోందని భుజం మీది స్ట్రాప్స్ బిగించేస్తారు, అవి భుజంలోకి దిగబడతాయి. మీలాగా చేతికి వాపు మొదలవుతున్నవాళ్లకు ఆ నొక్కుడు అస్సలు మంచిది కాదు. స్ట్రాప్స్ వెడల్పుగా, మెత్తగా ఉండాలి, వాటి కింద వేలు సులువుగా దూరాలి. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి. కప్పు నిండుగా, మెడ దగ్గర కాస్త ఎత్తుగా, చంకవైపు కూడా పైకి ఉంటే మచ్చను పూర్తిగా కప్పుతుంది, వంగినప్పుడు లోపల పెట్టుకున్నది బయటికి రాదు.

పాత సైజు చెప్పి కొనకండి. కీమో, స్టెరాయిడ్లు, హార్మోన్ మాత్రల వల్ల చాలామందికి ఒళ్లు మారిపోతుంది, మళ్లీ కొలవాల్సిందే. రొమ్ము కింద చుట్టుకొలత మామూలుగానే తీసుకోవచ్చు. పైకొలతకు మాత్రం టేపును ఛాతీ మధ్య ఎముక నుంచి ఉన్న రొమ్ము మీదుగా వీపు మధ్యలో వెన్నెముక దాకా పెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. చుట్టూ టేపు తిప్పితే ఒకవైపు ఖాళీ కదా, కొలత తక్కువ వస్తుంది. ఈ పని ఇంట్లో మీ అమ్మాయి చేత చేయించుకుని కాగితం మీద రాసుకుపోతే షాపులో మగపిల్లల ముందు ఇబ్బంది పడక్కర్లేదు.

లోపల ఏం పెట్టుకోవాలన్నది మీరు అడగలేదు గానీ గుడ్డ ముక్కలు మడిచి పెట్టుకోవడం మానేయండి, మడతలు మచ్చ మీద ఒరుసుకుంటాయి. రాగులో ఆవాలో మూట కట్టి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, చెమటకు తడిసి బూజు పడతాయి, అదీ వద్దు. రొమ్ము తీసేసినవాళ్ల కోసం లోపల జేబు ఉన్న బ్రాలు దొరుకుతాయి, వాటిని మాస్టెక్టమీ బ్రా అని అడగాలి. దొరక్కపోతే మామూలు కాటన్ బ్రాకే, బాగా ఉతికి మెత్తబడిన నూలు గుడ్డతో మీకు జాకెట్లు కుట్టే ఆవిడ చేతనే జేబు కుట్టించుకోవచ్చు, చంకవైపు తెరిచి ఉంచమని చెప్పండి. అందులో ఫోమ్‌ది గానీ దూది నింపినది గానీ తేలికపాటి ప్యాడ్ పెట్టుకోండి. నూలుతో అల్లిన ప్యాడ్లు నిటెడ్ నాకర్స్ అనే పేరుతో మన దేశంలోనూ స్వచ్ఛందంగా చేసి ఇస్తున్నారు, ఉతుక్కోవచ్చు, గాలి ఆడుతుంది.

సిలికాన్ రొమ్ము, అంటే బ్రాలో పెట్టుకునే రొమ్ము ఆకారపు సిలికాన్ ప్యాడ్, మామూలుగా ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, గాయం పూర్తిగా మానాక మొదలుపెడతారు. రేడియేషన్ తీసుకున్నవాళ్లు చర్మం పూర్తిగా కుదుటపడేదాకా ఆగాలి, మీ డాక్టరు చర్మం చూసి సరేనన్నాకే కొనండి. ఉన్న రొమ్ము పెద్దదైతే ఇది బాగా ఉపయోగం, రెండువైపులా బరువు సమంగా ఉంటుంది కాబట్టి మెడ, భుజం నొప్పులు ఉన్న కొందరికి ఉపశమనంగా ఉంటుంది. కానీ మన ఎండల్లో దాని కింద చెమట పడుతుంది, అందుకే నేరుగా చర్మానికి తగలకుండా జేబులోనే పెట్టుకోవాలి, రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి దాని డబ్బాలోనే దాచాలి. పైట పిన్నీసు దానికి గుచ్చుకోకుండా చూసుకోండి, చిల్లు పడితే పనికిరాదు. తిరుమలలో గంటల తరబడి క్యూలో నిలబడాల్సి వస్తే ఆ రోజుకు తేలికదే మేలు, చేతిసంచి కుడి భుజానికే వేసుకోండి.

ఏ బ్రా అయినా కొన్నాక ముందు ఇంట్లో రెండు మూడు గంటలు వేసుకుని చూడండి. చేతులు పైకెత్తండి, వంగి ముగ్గు వేసినట్టు చేయండి, పట్టీ పైకి ఎక్కిపోకూడదు. విప్పాక అద్దంలో చూసుకోండి. పడిన గీతలు అరగంటైనా పోకపోతే నా లెక్కలో అది బిగుతే. చర్మం కమిలి ఉన్నా, తడి కారుతున్నా బ్రా పూర్తిగా మానేసి, మగవాళ్లు వేసుకునే వదులు కాటన్ బనియన్‌ను తిరగేసి, కుట్లు బయటికి వచ్చేలా వేసుకోండి, డాక్టరుకు చూపించండి. పసుపు, పౌడరు రాయకండి. రాత్రి పడుకునేటప్పుడు మీకు బ్రా అవసరం లేదు.

అసలు ఏమీ పెట్టుకోకుండా ఉండాలనిపిస్తే అలాగే ఉండొచ్చు, దాని వల్ల జబ్బు తిరగబెట్టదు. ఇంట్లో ఉన్నప్పుడు వదులు బనియన్, పెళ్లికో గుడికో పోయేటప్పుడు జేబు బ్రా, ఇలా ఏ రోజుకు ఆ రోజు మీకు సుఖంగా ఉన్నది ఎంచుకోండి. ఒకేసారి నాలుగైదు కొనేయకుండా మొదట ఒక్కటి కొని వారం రోజులు వాడి చూడండి. చేతి వాపుకు చికిత్స మొదలయ్యాక ఒంటి కొలతలు కాస్త మారొచ్చు, మిగతావి ఆ తర్వాత కొనుక్కోవచ్చు.